హీలర్ కావలెను

2011 ఏప్రిల్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటను నడిపే బ్లిజార్డ్ సంస్థ తన ఆటగాళ్ల ముందు ఒక బేరం పెట్టింది. ఆ ఆటలో ఐదుగురు జట్టుగా నేలమాళిగల్లోకి దిగి రాక్షసులతో పోరాడతారు. ఐదుగురిలో ఒకరు దెబ్బలు కాచుకునే ట్యాంక్, ఒకరు గాయాలు మాన్పే హీలర్, మిగతా ముగ్గురు శత్రువును కొట్టేవాళ్లు. ఆ క్షణానికి ఏ పాత్రకు మనుషులు చాలడం లేదో చూసి, ఆ పాత్రలో వచ్చి చేరినవాళ్లకు పోరాటం ముగిశాక ఒక సంచి అదనంగా ఇస్తామంది బ్లిజార్డ్. అందులో బంగారు నాణేలు, అదృష్టం బాగుంటే అరుదైన పెంపుడు జంతువో, స్వారీకి వాహనమో ఉండేవి.

నెలనెలా చందా కట్టి ఆడే ఆట అది. సరదా కోసం చందా కట్టినవాళ్లకే, ఆ సరదాలో ఫలానా పని చేసి పెట్టినందుకు తిరిగి కూలి ఇవ్వాల్సి వచ్చింది. కొట్టే పాత్ర కోరుకున్నవాళ్లు వరుసలో నిమిషాల తరబడి కూర్చునేవారు. ట్యాంక్‌గా వస్తానన్నవాళ్లకు మాత్రం బటన్ నొక్కీ నొక్కగానే పిలుపొచ్చేది. ఆట మారినా, కంపెనీ మారినా, దేశం మారినా ఈ కొరత మాత్రం మారలేదు. ఇవాళ్టికీ జట్టు ఆటల్లో చాలావాటికి ఇదే తలనొప్పి.

దీనికి ఆటగాళ్లు చెప్పుకునే కారణం తేలికైనది: అందరికీ హీరో వేషమే కావాలి, పక్కవాడిని కాపాడే ఓపిక ఎవరికీ లేదు. నాకీ వివరణ సరిపోదనిపిస్తుంది. మనుషుల స్వభావాల్లో తేడాలు ఉంటాయి, కాదనను. కానీ ఫలానా పాత్ర ఇష్టం, ఫలానాది వద్దు అనే ఎంపికలో చాలా భాగం ఆటను తయారుచేసినవాళ్ల చేతుల్లోనే ఉంది. పేరు ఎవరికి వస్తుంది, మాట ఎవరు పడాలి అన్నది ఆట నియమాలే ముందుగా నిర్ణయిస్తాయి. మనుషులు ఆ లెక్క చూసుకునే పాత్ర ఎంచుకుంటారు. అలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే, ఈ మూడు పాత్రలు ఎక్కడ పుట్టాయో ముందు చూడాలి.

అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చువేశారు. కంప్యూటర్ లేదు, తెర లేదు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. అందులో మొదట ఉన్నవి మూడే తరగతులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. వీళ్లలో పూజారి పుట్టుక ఆసక్తికరంగా ఉంటుంది. ఆట అచ్చుకు రాకముందు మిన్నెసోటాలో ఆర్నెసన్ తన మిత్రులతో బ్లాక్‌మూర్ అనే ఊహాలోకంలో ఆడించేవాడు. అక్కడ ఒక ఆటగాడు సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్రలో బలం పెంచుకుంటూ పోయి ఎవరికీ అందకుండా పోయాడు. అతనికి కళ్లెం వేయడానికి పిశాచాలను తరిమే పూజారి పాత్రను కల్పించారు. ఆ పూజారికే గాయాలు మాన్పే శక్తీ వచ్చింది. అంటే ఇవాళ కోట్ల మంది ఆడే హీలర్ పాత్రకు మూలం, బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమంది మధ్య తప్పిన సమతూకాన్ని సరిచేసే ప్రయత్నం.

అక్కడి నుంచి కంప్యూటర్ల మీదికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ఎక్కువమంది ఒకేసారి ఆడుకునే అక్షరాల లోకం మడ్‌ను తయారుచేశారు. 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వచ్చేసరికి జట్టు పోరాటానికి ఒక రూపం స్థిరపడింది. దెబ్బలు కాచే వారియర్, మాన్పే క్లెరిక్, గుంపుగా వచ్చే శత్రువులను మత్తులో ముంచి ఆపే ఎన్‌చాంటర్. ఆటగాళ్లు ఈ ముగ్గురికీ హోలీ ట్రినిటీ అని పేరు పెట్టుకున్నారు. 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్ని ట్యాంక్, హీలర్, డ్యామేజ్‌గా సరళం చేసి ప్రపంచమంతా పరిచింది.

ఈ పద్ధతి ఇంత గట్టిగా ఎందుకు పాతుకుపోయింది? జవాబు లెక్కలో ఉంది.

ఒక రాక్షసుడు సెకనుకు 100 పాయింట్ల దెబ్బ కొడతాడనుకుందాం. మన వీరుడి ప్రాణం 1,000 పాయింట్లు. ఒంటరిగా అయితే 10 సెకన్లలో నేలకూలతాడు. పక్కన సెకనుకు 80 పాయింట్లు మాన్పే హీలర్ ఉంటే నికరంగా తగ్గేది 20 మాత్రమే కాబట్టి 50 సెకన్లు నిలబడతాడు. ఆ 80ని 100కు పెంచితే ఇక అసలు చావడు. మాన్పడం దెబ్బను అందుకున్న గీత దగ్గర ఫలితం ఒక్కసారిగా మారిపోతుంది. ఇప్పుడు వీరుడికి కవచం తొడుగుదాం. అది దెబ్బలో 75 శాతం ఆపుతుంది. 100లో 25 మాత్రమే ఒంటికి తగులుతుంది. హీలర్ ఇచ్చే అదే 80 పాయింట్లతో ఇప్పుడు సెకనుకు 320 పాయింట్ల దెబ్బకైనా తట్టుకోవచ్చు. కవచం, వైద్యం కూడికగా పనిచేయవు, హెచ్చవేతగా పనిచేస్తాయి.

అదే కవచాన్ని, అదే వైద్యాన్ని ఐదుగురికీ సమానంగా పంచితే ఎలా ఉంటుంది? ఒక్కొక్కరికి 15 శాతం కవచం, 16 పాయింట్ల సొంత వైద్యం దక్కుతాయి. 100 పాయింట్ల దెబ్బలో 85 తగులుతుంది, 16 మానుతుంది, నికరంగా 69 పోతుంది. రాక్షసుడు ఎవరి మీద పడితే వాళ్లు 15 సెకన్లు తిరగకుండానే పడిపోతారు. పంచుకున్న బలం ఎవరినీ కాపాడదు, ఒక్కచోట పోగుచేసిన బలం అందరినీ కాపాడుతుంది. నియమాలు ఇలా ఉన్నంతకాలం ఆటగాళ్లు ఎన్నిసార్లు మొదలుపెట్టినా తిరిగి తిరిగి ఈ మూడు పాత్రల దగ్గరకే చేరతారు.

అయితే దీనికి ఒక షరతుంది. రాక్షసుడు ట్యాంక్‌నే కొట్టాలి. కాస్త బుద్ధి ఉన్న శత్రువెవడైనా ఇనుపతొడుగు వేసుకున్నవాణ్ని వదిలేసి వెనకాల పల్చటి అంగీలో నిలబడ్డ హీలర్‌ని పట్టుకుంటాడు. అందుకే ఆట తయారీదారులు రాక్షసుడి బుర్రలో ఒక కోపాల పట్టిక పెట్టారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మూల సూత్రం ఇది: ఎవరు ఒక పాయింట్ దెబ్బ కొడితే వాళ్ల పేరున ఒక పాయింట్ కోపం చేరుతుంది. ఒక పాయింట్ మాన్పితే అర పాయింట్, అది కూడా ఎదురుగా ఉన్న శత్రువులందరి మధ్యా పంపకమవుతుంది. ట్యాంక్ కొట్టే దెబ్బకు మాత్రం కోపం ఎన్నోరెట్లు ఎక్కువ. పట్టికలో పైన ఎవరుంటే రాక్షసుడు వాళ్ల వెంట పడతాడు. ఒకసారి పట్టుకున్నవాణ్ని వదిలి ఇంకొకరి మీదికి మళ్లాలంటే, దగ్గరగా ఉన్నవాళ్లయితే 10 శాతం, దూరంగా ఉన్నవాళ్లయితే 30 శాతం ఎక్కువ కోపం తెప్పించి ఉండాలి. ఆ ఎడం లేకపోతే రాక్షసుడు ఇద్దరి మధ్యా క్షణక్షణానికీ ఊగుతూనే ఉంటాడు.

ఈ చిన్న పట్టిక జట్టు ప్రవర్తన మొత్తాన్నీ మార్చేసింది. కొట్టేవాళ్లు తమ బలమంతా మొదటి క్షణంలోనే చూపించకూడదు. ట్యాంక్ కోపాన్ని కూడగట్టుకునేదాకా ఆగాలి. తొందరపడితే ఆటగాళ్లు అగ్రో అని పిలిచే ఆ కోపం తమ మీదికి వస్తుంది, తర్వాత అందరూ చస్తారు. పట్టిక ఆట తెర మీద కనపడేది కాదు కాబట్టి ఆటగాళ్లే దాన్ని లెక్కగట్టి చూపించే ఒమెన్ వంటి ఉచిత యాడాన్‌లు రాసుకున్నారు. వాటితోపాటే ఎవరెంత కొట్టారో చూపే రికౌంట్ లాంటి మీటర్లూ వచ్చాయి. ఈ రెండో రకం మీటర్ దగ్గరే అసలు కథ మొదలవుతుందని నా అభిప్రాయం.

కొట్టేవాడి పనిని ఒక్క అంకెలో చెప్పొచ్చు. సెకనుకు ఇంత. పెద్ద అంకె మంచిది, చిన్న అంకె తక్కువది. పోరాటం కాగానే ఆ జాబితా జట్టు చాట్‌లోకి వచ్చి పడుతుంది, మొదటి పేరు ఎవరిదో అందరూ చూస్తారు. హీలర్‌కూ అలాంటి అంకె ఉంది కానీ అది నమ్మదగ్గది కాదు. జట్టు అందరూ జాగ్రత్తగా, తగలకూడని దెబ్బలు తగలకుండా ఆడితే మాన్పడానికి గాయాలే ఉండవు, హీలర్ అంకె చిన్నదైపోతుంది. జట్టు అజాగ్రత్తగా ఆడితే హీలర్ అంకె కొండెక్కుతుంది. ఇద్దరు హీలర్లు ఉన్నచోట చెయ్యి వేగం ఉన్నవాడు ముందు మాన్పేస్తే రెండోవాడి మంత్రం నిండిన కుండలో పోసినట్టు వృథా అవుతుంది. రెండోవాడు సరైన పనే చేశాడు, అంకెలో మాత్రం సోమరిగా కనిపిస్తాడు. నైపుణ్యం ఉన్న హీలర్ చేసిన గొప్ప పని చాలాసార్లు జరగకుండా పోయిన ఒక చావు. జరగనిదాన్ని ఏ మీటరూ లెక్కపెట్టదు. జరిగినదాన్ని మాత్రం అందరూ చూస్తారు. ట్యాంక్ పడిపోతే హీలర్ ఏం చేస్తున్నాడని ఐదుగురిలో నలుగురు అడుగుతారు. కొట్టే ముగ్గురిలో ఒకడు ఫోన్ చూసుకుంటూ నెమ్మదిగా ఆడితే పోరాటం కాస్త సాగుతుంది, అంతే. ఎవరూ గమనించకపోవచ్చు కూడా.

అదే చందా, అదే ఆట, కానీ ఒకచోట తప్పు ముగ్గురిలో కలిసిపోతుంది, ఇంకోచోట ఒక్కడి నెత్తినే పడుతుంది. ఇలాంటప్పుడు జనం ఏ పని వైపు మొగ్గుతారన్నది ఊహించడానికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆండ్రియాస్ డీక్‌మాన్ 1985లో ఇలాంటి చిక్కును గణితంలో పెట్టాడు. ఒక పని ఎవరో ఒకరు చేస్తే అందరికీ లాభం, చేసినవాడికి మాత్రం కొంత కష్టం. ఎవరూ చేయకపోతే అందరికీ నష్టం. ఆరుగురు కుర్రాళ్లు అద్దెకున్న గదిలో రాత్రి బియ్యం కడిగి కుక్కర్ పెట్టే పని లాంటిది. ఎవరికి వాళ్లు ఇంకొకరు లేస్తారులే అనుకుంటారు. పనిలోని కష్టం, దాని వల్ల వచ్చే లాభంలో సగం అనుకుని లెక్క వేస్తే ఫలితం ఇలా వస్తుంది. గదిలో ఇద్దరే ఉంటే ఒక్కొక్కరు లేచే అవకాశం 50 శాతం, ఎవరూ లేవని ప్రమాదం 25 శాతం. ఆరుగురు ఉంటే ఒక్కొక్కరు లేచే అవకాశం 13 శాతానికి పడిపోతుంది, ఎవరూ లేవని ప్రమాదం 43 శాతం దాటుతుంది. మనుషులు పెరిగినకొద్దీ పని జరగకుండా పోయే ప్రమాదం పెరుగుతుందన్నమాట. ఇందులో ఎవరినీ స్వార్థపరుడని అనాల్సిన అవసరం రాలేదు. అందరూ ఒకే రకం మనుషులైనా లెక్క ఇదే.

2016 మేలో వచ్చిన ఓవర్‌వాచ్ సరిగ్గా ఆరుగురి జట్ల ఆట. మొదట్లో 21 మంది హీరోలు, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. ఇక్కడ ఎదుటివాళ్లు కూడా మనుషులే కాబట్టి కోపాల పట్టిక పనిచేయదు. ఎదుటి ఆటగాడు నేరుగా హీలర్ మీదికే దూకుతాడు. అందుకని ట్యాంక్ పని మారింది. రైన్‌హార్ట్ అనే పాత్ర పెద్ద వెలుగు డాలు ఎత్తిపట్టి నడుస్తాడు, వెనకాల జట్టుకు నిలబడే చోటు దొరుకుతుంది. శత్రువు దృష్టిని లాక్కోవడం పోయి, నేలను పట్టి ఉంచడం ట్యాంక్ విద్యగా మారింది. ఆటగాళ్లు దీన్ని స్పేస్ తీసుకోవడం అంటారు. ఇది మరీ కనిపించని పని. డాలు కింద ఎన్ని ప్రాణాలు మిగిలాయో ఎవరు లెక్కపెడతారు?

అనుకున్నట్టే జరిగింది. ఆరుగురిలో ఐదుగురు తుపాకులు పట్టుకుని, ఆరోవాడి వైపు చూస్తూ ఆట మొదలుపెట్టే జట్లు మామూలైపోయాయి. పోటీ ఆటలు ఆడే నిపుణుల జట్లలో మాత్రం సరిగ్గా తలకిందులుగా జరిగింది. 2018 నుంచి వాళ్లలో ముగ్గురు ట్యాంక్‌లు, ముగ్గురు సపోర్ట్‌లతో (ఈ ఆటలో హీలర్ పాత్ర పేరు అదే) కొట్టే పాత్ర ఒక్కటీ లేని గోట్స్ అనే వ్యూహం ఏలింది. కవచం, వైద్యం హెచ్చవేతగా పనిచేస్తాయని పైన చేసిన లెక్కకు అంతకన్నా పెద్ద రుజువు దొరకదు. గెలుపు మాత్రమే కావాల్సిన చోట జీతం తీసుకునే ఆటగాళ్లు ఎవరికీ ఇష్టంలేని పాత్రలనే ఎగబడి తీసుకున్నారు. పాత్ర మీద ఇష్టం ఎంత మెత్తటి వస్తువో ఇక్కడ తెలుస్తుంది.

చివరికి 2019లో బ్లిజార్డ్ నియమం మార్చింది. జట్టుకు ఇద్దరు ట్యాంక్‌లు, ఇద్దరు సపోర్ట్‌లు, ఇద్దరు డ్యామేజ్. ఏ పాత్ర కావాలో ఆటలోకి రాకముందే చెప్పి ఆ వరుసలో నిలబడాలి. జట్లు బాగుపడ్డాయి. కానీ కొరత తీరలేదు, చోటు మారింది. అంతకుముందు వంకర జట్టుగా ఆట లోపల కనిపించిన కొరత ఇప్పుడు ఎదురుచూపుగా ఆట బయట కనిపించడం మొదలైంది. 2022 అక్టోబరులో వచ్చిన ఓవర్‌వాచ్ 2లో జట్టును ఐదుగురికి తగ్గించి ఒకే ట్యాంక్‌ను ఉంచారు. ఎంతమంది ట్యాంక్‌లు అవసరమో ఆ సంఖ్య సగమైంది నిజమే. కానీ ఇదివరకు ఇద్దరు పంచుకున్న బరువు ఇప్పుడు ఒక్కడి మీద పడింది. ఓడిపోతే ఇక వేలు చూపడానికి ఒకే ట్యాంక్ ఉన్నాడు. 2024 డిసెంబరులో మళ్లీ ఆరుగురి ఆటను ప్రయోగంగా తెచ్చారు. కొరతను సంఖ్యతో తీర్చబోతే నింద చిక్కబడుతుందన్నది ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించే పాఠం.

దీనికి ఎదురుగా ఎవరైనా మెప్పును సరిగ్గా పంచగలిగారా అంటే, 2007 అక్టోబరులో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఉంది. వాల్వ్ సంస్థ తయారుచేసిన ఈ ఆటలో తొమ్మిది తరగతులు. అందులో మెడిక్ పాత్రను ఇప్పటికీ హీలర్ రూపకల్పనకు మంచి పాఠంగా చూడొచ్చు. మెడిక్ తన మాన్పే గన్‌ను గాయపడ్డ మిత్రుడి వైపు పట్టుకున్నంతసేపూ ఒక మీటర్ నిండుతూ ఉంటుంది. నిండాక నొక్కితే మెడిక్, అతను కాపాడుతున్న మిత్రుడు ఇద్దరూ 8 సెకన్లపాటు ఏ దెబ్బకూ చలించరు. ఊబర్‌ఛార్జ్ అంటారు దాన్ని. దాన్ని ఎప్పుడు వాడాలన్న నిర్ణయం మెడిక్‌ది, మ్యాచ్ తిరిగేది ఆ నిర్ణయం మీదే. అంతకన్నా నాకు నచ్చింది ఇంకో చిన్న సంగతి. మెడిక్ సాయంతో మిత్రుడు శత్రువును పడగొట్టినప్పుడు తెర మూలన వచ్చే ప్రకటనలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన పడతాయి. ఖర్చు లేని పని. కానీ చంపినవాడి పేరు పక్కన కాపాడినవాడి పేరు అందరూ చదువుతారు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఇదే సమస్య బంగారం రూపంలో వచ్చింది. 2009లో మొదలైన ఆ ఆటలో ఐదుగురిలో సపోర్ట్ ఆడేవాడు తన కొద్దిపాటి సంపాదనా మైదానంలో చీకటి మూలల్లో నిఘా పెట్టే వార్డ్‌ల మీద ఖర్చుపెట్టేవాడు. మిగతావాళ్లు ఖడ్గాలు, కిరీటాలు కొనుక్కుంటుంటే ఇతను ఆట చివరికీ చెప్పులతో మిగిలేవాడు. 2013 చివర్లో రయట్ సంస్థ అందరికీ ఉచితంగా ఒక వార్డ్ ఇచ్చి, ఒక్కొక్కరు పెట్టగలిగే వార్డ్‌లకు పరిమితి విధించి, సాయానికి వచ్చే బంగారం పెంచింది. నిఘా బరువు ఐదుగురి మీదికీ జరిగింది. సపోర్ట్ కూడా ఏదో ఒకటి కొనుక్కోగలిగే మనిషయ్యాడు.

పాత్రల్నే తీసేస్తే ఈ గొడవ ఉండదు కదా? ఎరీనానెట్ సంస్థ 2012 ఆగస్టులో గిల్డ్ వార్స్ 2తో అదే చేసింది. ప్రతి పాత్రకూ సొంతంగా మాన్పుకునే ఒక విద్య, దెబ్బలు తప్పించుకోవడానికి పక్కకు దూకే వీలు. ప్రత్యేకంగా హీలర్ లేడు, ట్యాంక్ లేడు, వరుసలో హీలర్ కోసం ఎదురుచూపు లేదు. ధైర్యమైన ఆలోచన, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ మూడేళ్లకు 2015లో పదిమంది కలిసి ఆడే కఠినమైన రైడ్‌లు తెచ్చినప్పుడు పాత గణితం మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. మొదటి రైడ్‌లోని వేల్ గార్డియన్ అనే బాస్ జట్టులో ఎవరికి టఫ్‌నెస్, అంటే దెబ్బ తట్టుకునే గట్టిదనం, ఎక్కువుంటే వాళ్ల వెంట పడేవాడు, దాంతో ఒకరు ట్యాంక్ అయ్యారు. అప్పుడే వచ్చిన డ్రూయిడ్ అనే శాఖ మాన్పడంలో దిట్ట, దాంతో ఇంకొకరు హీలర్ అయ్యారు. కష్టం ఒక స్థాయి దాటగానే పనుల విభజన దానంతటదే తిరిగొచ్చింది.

ఇక స్వభావం మాటేమిటి? కొందరికి మాన్పడమే ఇష్టం, కొందరికి కొట్టడమే ఇష్టం అంటారు కదా. మడ్ సృష్టికర్త బార్టిల్ 1996లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆటగాళ్లను నాలుగు రకాలుగా చూశాడు: సాధించేవాళ్లు, అన్వేషించేవాళ్లు, కలిసిమెలిసి ఉండేవాళ్లు, ఇతరుల మీద పడేవాళ్లు. ఆ నాలుగింటినీ జాతకచక్రంలా వాడుకున్నవాళ్లే ఎక్కువ. ఆయన శ్రద్ధ పెట్టిన విషయం మాత్రం ఒక రకం పెరిగితే మిగతా రకాలు ఎలా తరిగిపోతాయన్నది. అంటే అక్కడ కూడా ప్రశ్న మనిషి గురించి కంటే చుట్టూ ఉన్న జనాభా గురించే.

ఆడవాళ్లే హీలర్ పాత్రను ఇష్టపడతారన్న నమ్మకం ఆటగాళ్లలో చాలా బలంగా ఉంది. నిక్ యీ అనే పరిశోధకుడు, అతని సహచరులు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు ఆటలో నిజంగా ఏం చేశారో నమోదైన వివరాలతో దీన్ని పరీక్షించి 2011లో ప్రచురించారు. తెర వెనక ఉన్న మనిషి ఆడా మగా అన్నదాన్ని బట్టి ఈ నమ్మకం నిలబడలేదు. తెర మీది బొమ్మను బట్టి మాత్రం తేడా కనిపించింది. స్త్రీ పాత్ర వేసుకున్నప్పుడు మగవాళ్లు కూడా ఎక్కువ మాన్పారు, పురుష పాత్రలో ఉన్నప్పుడు ఆడవాళ్లు తక్కువ మాన్పారు. వేషం వేసుకున్నాక ఆ వేషానికి లోకం ఏం ఆశిస్తుందో మనిషి అది చేస్తున్నాడు. ఇంట్లో కన్సోల్ ముందు కూర్చున్న చెల్లెలికి, ఏమాత్రం ఆలోచించకుండా హీలర్ పాత్ర చేతిలో పెట్టే అన్నయ్యలు ఈ ఫలితాన్ని ఒకసారి గట్టిగా చదవాలని నా కోరిక.

మనుషుల్ని పక్కనపెట్టి, సిగ్గూ గర్వమూ లేని యంత్రాలను జట్టుగా దింపితే పాత్రలు ఎలా పంచుకుంటాయి? దీనికి ఒక జవాబు దొరికింది. డోటా 2 అనే ఆటలో జట్టులోని ఐదుగురికీ ఒకటి నుంచి ఐదు దాకా వరుస ఉంటుంది. మైదానంలో దొరికే బంగారం మీద మొదటి హక్కు ఒకటో స్థానానిది. ఐదో స్థానంవాడు అందరూ తిన్నాక మిగిలింది తీసుకుంటాడు. ఓపెన్‌ఏఐ సంస్థ తయారుచేసిన ఓపెన్‌ఏఐ ఫైవ్ అనే ఐదు కృత్రిమ మేధ ఆటగాళ్ల జట్టు, రోజుకు 180 ఏళ్ల ఆటకు సమానంగా తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది. వాటికి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి లేదు. ఉన్నదల్లా టీమ్ స్పిరిట్ అని తయారీదారులు పేరు పెట్టిన ఒక అంకె. అది 0 అయితే ప్రతి హీరోకూ తాను సాధించినదానికే బహుమతి. 1 అయితే ఐదుగురు సాధించినదాని సగటే ప్రతి ఒక్కరి బహుమతి. శిక్షణ మొదట్లో ఆ అంకెను తక్కువగా ఉంచి క్రమంగా పెంచుకుంటూ పోయారు. ముందు ఎవరి పని వాళ్లు నేర్చుకున్నారు, తర్వాత ఒకరి కోసం ఒకరు ఆడటం నేర్చుకున్నారు. 2018లో ఆ జట్టు ఆట చూసినవాళ్లకు ఒక వింత కనిపించింది. మనుషులు ఎప్పుడూ చివర్లో పెట్టే సపోర్ట్ హీరోలకు ఇది ఆట మొదట్లోనే బంగారం, అనుభవం ధారాళంగా ఇస్తోంది. 2019 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో, హీరోలను 17 మందికి పరిమితం చేసిన పోటీలో, అప్పటి ప్రపంచ విజేత ఓజీ జట్టును ఇది 2-0తో ఓడించింది. సపోర్ట్ అంటే ఆకలితో ఉండాల్సినవాడు అన్నది ప్రకృతి నియమం కాదని, మనుషుల జట్లు అలవాటు చేసుకున్న పద్ధతుల్లో ఒకటని ఆ యంత్రాలు చూపించాయి.

మన ఊళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఈ కంప్యూటర్ ఆటలేవీ కాదు, ఫోన్‌లో ఆడే బీజీఎంఐ. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించాక 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన ఆట. నలుగురి స్క్వాడ్. ఇందులో తరగతులే లేవు. ఆకాశం నుంచి దూకేటప్పుడు అందరూ సమానం, ఎవరికి ఏ తుపాకి దొరికితే అది. అయినా హైదరాబాద్ హాస్టల్ గదిలోనైనా, భీమవరం కాలేజీ కుర్రాళ్ల మధ్యనైనా నాలుగు రోజులు కలిసి ఆడితే పాత్రలు పుట్టుకొస్తాయి. ముందు దూసుకుపోయేవాడు అసాల్టర్. దూరం నుంచి కొట్టేవాడు స్నైపర్. "మామా, నాక్ అయ్యా, స్మోక్ వేసి రివైవ్ చెయ్" అని పిలిస్తే తుపాకుల మధ్యలోంచి వచ్చేవాడు సపోర్ట్. ఎటు వెళ్లాలి, ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు దాక్కోవాలి అని చెప్పేవాడు ఐజీఎల్.

మామూలు మ్యాచ్‌లో పడగొట్టిన లెక్కకే పేరు. ఈ ఆటలో దాన్ని ఫినిష్ అంటారు. మ్యాచ్ అయ్యాక కుర్రాళ్లు స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకునేది ఆ అంకెనే. అందుకే తెలియనివాళ్లతో కలిసిన స్క్వాడ్‌లో నలుగురూ అసాల్టర్లే ఉంటారు, పడిపోయినవాడు పాకుతూనే చచ్చిపోతాడు. అదే మైదానంలో, అవే తుపాకులతో జరిగే అధికారిక టోర్నీల్లో లెక్క వేరు. ఒక ఫినిష్‌కు 1 పాయింట్. చివరిదాకా నిలిచి మొదటి స్థానంలో ముగిస్తే 10 పాయింట్లు, అవి నలుగురివీ. అక్కడ ఐజీఎల్ తన పేరున ఫినిష్‌లు తక్కువున్నా జట్టులో స్థానం నిలబెట్టుకుంటాడు, ఆట సాగేకొద్దీ మైదానాన్ని కుదించే వలయం ఎటు ముడుచుకుంటుందో ముందే పసిగట్టి ఒక ఇంటిని పట్టుకుని కూర్చోబెట్టినందుకు జట్టు అతన్ని వెతుక్కుంటుంది. పడిపోయిన మనిషి కోసం స్మోక్ వేసేవాడు అక్కడ ప్రతి జట్టులోనూ ఉంటాడు.